గాలి పంపు, దాని వాచరు

విశాఖపట్నం ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్లున్నాయి, బ్యాంకులున్నాయి, బట్టల కొట్లున్నాయి, పౌర గ్రంథాలయం ఉంది, పక్కనే ఆర్టీసీ కాంప్లెక్సు ఉంది. సైకిలు టైరులో గాలి కొట్టించుకోవాలంటే మాత్రం వెతుక్కోవాలి. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితమే. కానీ ఆ గొట్టం మూతి కార్ల కోసం, మోటారు సైకిళ్ల కోసం చేసింది. మన మామూలు హెర్క్యులిస్, అట్లాస్ సైకిళ్ల వాల్వుకి పట్టదు. రేసు సైకిళ్లకుండే సన్న వాల్వుకి అసలే పట్టదు. పట్టిన చోట కూడా భయమే. కారు టైరులో ముప్పై లీటర్లకు పైగా చోటుంటుంది, సన్నటి సైకిలు టైరులో లీటరు. కంప్రెసరు మీట ఒక్క క్షణం ఎక్కువ నొక్కితే టైరు రిమ్ము మీంచి ఊడి, వీధంతా తిరిగి చూసేలా పేలుతుంది.

అందుకే ఇంట్లో ఒక నిలువు పంపు ఉండాలి. కాళ్లతో పీట తొక్కిపట్టి, రెండు చేతులతో పిడి పట్టుకుని కొట్టేది. తెల్లవారుజామున మోటారు బళ్లను ఆపేసే బీచ్ రోడ్డు మీద సైకిలు తొక్కేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. భీమిలి దాకా వెళ్లొచ్చేవాళ్లున్నారు, సింహాచలం కొండెక్కేవాళ్లున్నారు. వేలకు వేలు పోసి కొన్న సైకిళ్లు. వాటికి గాలి కొట్టే పంపు సంగతి వచ్చేసరికి మాత్రం అట్ట పెట్టె మీద రాసిన పెద్ద అంకె చూసి తెచ్చేసుకుంటారు. 160 పీఎస్ఐ అంటే 120 పీఎస్ఐ కన్నా మంచిదని లెక్క.

ఆ అంకె గురించి ముందు చెప్పాలి. 100 పీఎస్ఐ అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 7 కిలోల బరువు. పంపు గొట్టం లోపలి వెడల్పు 38 మిల్లీమీటర్లు అనుకుందాం. బజారులో దొరికే లావు పంపులు దాదాపు ఇంతే ఉంటాయి. పిస్టను వైశాల్యం 11 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. అంటే టైరులో 100 పీఎస్ఐ ఉన్నప్పుడు పిడిని కిందిదాకా దించాలంటే 80 కిలోల బరువు పడాలి. అరవై కిలోల మనిషి పిడి మీద వేలాడినా అది దిగదు. అదే గొట్టం లోపలి వెడల్పు 25 మిల్లీమీటర్లయితే 35 కిలోలు చాలు. ఇక 160 దాకా ఎక్కిస్తుందని రాసిన లావు పంపుని నిజంగా ఆ అంకె దాకా కొట్టాలంటే 127 కిలోల ఆసామి కావాలి. పెట్టె మీద అబద్ధం రాశారని కాదు. గొట్టం ఆ ఒత్తిడికి పగలదు, నిజమే. కొట్టేవాడి బరువెంతో రాయలేదంతే.

అయితే సన్న పంపే మంచిదా? అదీ కాదు. కొండదారుల్లో తిరిగే లావు టైరుకి 30, 40 పీఎస్ఐ మించి అక్కర్లేదు గానీ, దాని లోపల నాలుగు లీటర్ల చోటుంటుంది. సన్న పంపుతో దాన్ని నింపుతుంటే పిల్లలకు స్కూలు బస్సు తప్పిపోతుంది. రేసు టైరు సంగతి దీనికి తలకిందులు. చోటు తక్కువ, ఒత్తిడి ఎక్కువ. లెక్కేస్తే రెండింటిలోకీ మనం తోసే గాలి మొత్తం మరీ తేడాగా ఏమీ ఉండదు, చివరి పది పోట్లకు భుజాలు పడే కష్టంలోనే తేడా. కాబట్టి మొదట చూడవలసింది ఇంట్లో ఉన్న టైరు, దాని పక్కన రాసి ఉన్న ఒత్తిడి, పిడి పట్టుకునే మనిషి బరువు. ఇంట్లో రెండు రకాల సైకిళ్లుంటే, 30 నుంచి 32 మిల్లీమీటర్ల గొట్టం రెండింటికీ మధ్యేమార్గం. పెట్టె మీద ఈ కొలత రాసి ఉండదు. ఇంట్లోంచి చిన్న స్కేలు పట్టుకెళ్లి బయటి వెడల్పు కొలిచి, గోడ మందం కింద రెండు మూడు మిల్లీమీటర్లు తీసేసుకోవాలి. షాపులో నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇక అసలు విషయం. డాబా గార్డెన్స్ వైపు ఒక పాత సైకిలు మేస్త్రీ ఉన్నాడు. అద్దె సైకిళ్లిచ్చిన కాలం నుంచీ ఉన్నాడు. పోర్టుకీ షిప్‌యార్డుకీ షిఫ్టు డ్యూటీలకు సైకిళ్ల మీద వెళ్లిన తరానికి గాలి కొట్టిన చెయ్యి. కొత్త పంపు కొందామని ఫోనులో బొమ్మలు చూపిస్తే కళ్లజోడు పైకి నెట్టుకుని చూసి, “ఎంత నంబరు దాకా ఎక్కుతాదో తరవాత సూద్దురు గాని బాబూ, ముందు దీని వాచరు ఏ కొట్లో దొరుకుతాదో అడగండి” అన్నాడు. పంపుల మీద నేను చదివిన సలహాలన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు.

పంపులో గాలిని పట్టి ఉంచేది గొట్టమూ కాదు, పిడీ కాదు. పిస్టను చివర ఉండే వాచరు. పాత పంపుల్లో అది తోలుది, గిన్నె ఆకారంలో ఉంటుంది. పిడి కిందికి తోసినప్పుడు గాలి ఒత్తిడికి దాని అంచు గొడుగులా విచ్చుకుని గొట్టం గోడకి అతుక్కుంటుంది. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా మూసుకుంటుంది. పైకి లాగినప్పుడు అంచు ముడుచుకుని కొత్త గాలిని లోపలికి పోనిస్తుంది. నూరేళ్లు దాటిన పద్ధతి. ఇంతకన్నా తెలివైనది ఇంకా ఎవరూ కనిపెట్టలేదని నా అభిప్రాయం. తోలు ఎండితే పట్టు పోతుంది, నాలుగు చుక్కల నూనె పడితే మళ్లీ మెత్తబడుతుంది. పంపు నాలుగు నెలలు మూలన పడి ఉండి, ఆ తర్వాత పిడి ఉత్తినే జారుతోందంటే పంపు చచ్చిపోయిందని పారేయకండి. మూత విప్పి, నూనె రాసి, వాచరు అంచుని వేళ్లతో బయటికి వత్తి పెట్టండి. కొత్తరకం పంపుల్లో తోలు బదులు రబ్బరు రింగు ఉంటుంది. ఇది ఎండదు గానీ నూనెల విషయంలో పేచీకోరు. కొన్ని రకాల రబ్బరు మిషను నూనె తగిలితే ఉబ్బిపోయి గొట్టంలో బిగుసుకుంటుంది. ఏ రబ్బరో తెలియనప్పుడు సిలికాన్ గ్రీజు పూయడమే క్షేమం.

వాచరు, గొట్టం మూతిలోని చిన్న రబ్బరు బిళ్ల, సాగే గొట్టం. అరిగేవి ఈ మూడే. మిగతాదంతా మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. అందువల్ల నా దృష్టిలో నమ్మకమైన పంపు అంటే ఈ మూడూ విడిగా దొరికేది, ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవరుతో విప్పి మార్చుకోగలిగేది. పైమూత మరలతో తిరిగేదైతే మంచిది. జిగురుతో అతికించిన ప్లాస్టిక్ మూత ఉంటే, ఆ పంపు ఎంత అందంగా ఉన్నా వాచరు ఆయుష్షే దాని ఆయుష్షు. మిలాన్‌లో 1917లో మొదలైన సిల్కా అనే కంపెనీ పంపులకీ, జర్మనీ వాళ్ల ఎస్‌కేఎస్ రెన్‌కంప్రెసర్‌కీ సైకిలు ప్రపంచంలో ఉన్న పేరంతా దీనివల్లే. దశాబ్దాల కిందటి పంపుకి కూడా ఇవాళ వాచరు దొరుకుతుంది. అవి మన అందరికీ అందే ధరలో లేవు. అక్కర్లేదు కూడా. లూథియానా నుంచి వచ్చే ఇనుప పంపు, పంచరు షాపుల ముందు నిలబడి ఉండేది, ఈ ఒక్క గుణంలో వాటితో సమానం. దాని తోలు వాచరు ఏ సైకిలు సామాన్ల కొట్లోనైనా అడగ్గానే డబ్బాలోంచి తీసిస్తారు.

దాని లోపాలూ చెప్పాలి కదా. మీటరు ఉండదు. ఉన్నా నమ్మలేం. పిడి పొట్టిది, నడుము వంచి కొట్టాలి. పైగా ఇనుము. ఉక్కు నగరంలో ఉంటూ ఇనుముని తప్పుపట్టడం అన్యాయమే గానీ, సముద్రం ఇంత దగ్గర్లో ఉన్న ఊళ్లో దాని సంగతి వేరు. (మన ఉక్కు కర్మాగారం చేసేది కడ్డీలు, తీగచుట్టలు, దూలాలు. పంపు గొట్టానికి కావలసిన రేకు మన దగ్గర పుట్టదు. విశాఖ ఉక్కుతో చేసిన పంపు కోసం వెతకబోయేవాళ్లకి ముందే చెబుతున్నాను.) ఉప్పుగాలికి మొదట పాడయ్యేది పిస్టను కడ్డీ. దాని మీది మెరుపు పూత చిల్లులు పడి తుప్పు లేస్తే, కొట్టిన ప్రతిసారీ ఆ గరుకు పైమూతని కోస్తుంది, తుప్పుపొడి గొట్టంలోకి రాలుతుంది, చివరికి వాచరుని తింటుంది. పంపుని బాల్కనీలో పెట్టకుండా ఉంటే, అప్పుడప్పుడు కడ్డీని నూనె గుడ్డతో తుడుస్తుంటే చాలు. పోర్టు వైపు ఇళ్లలో బొగ్గు ధూళి అదనం. వాళ్లు వారానికోసారి తుడవాలి. అల్యూమినియం గొట్టానికి ఈ బాధ తక్కువ, కానీ కింద పడి సొట్ట పోయిందంటే పిస్టను అక్కడే ఆగిపోతుంది.

అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు పీట కూడా చూసుకోవాలి. పంచరు షాపు నేల మట్టి, మన హాలు నేల నున్నటి టైల్సు. ఇరుకు పీట పంపు నున్నటి టైలు మీద జారితే పిడితో పాటు మనమూ జారతాం. వెడల్పాటి లోహపు పీట, కింద రబ్బరు ఉన్నది తీసుకోండి. ప్లాస్టిక్ పీట మొదటి ఏడాది బాగానే ఉంటుంది. ఆ తర్వాత గొట్టం దిగే చోట పగులుతుంది, ఎందుకంటే చివరి పోట్లలో మన బరువంతా పడేది అక్కడే.

మూతుల సంగతి. మన ఊళ్లో మూడు రకాల వాల్వులున్నాయి. ఊరి సైకిళ్లకుండే డన్‌లప్ వాల్వు, లోపల రబ్బరు తొడుగుతో. గేరు సైకిళ్లకి, మోటారు బళ్లకి ఉండే ష్రాడర్. రేసు సైకిళ్ల ప్రెస్టా, చివర చిన్న నట్టు వదులు చేస్తేనే గాలి తీసుకుంటుంది. ప్రెస్టాకి పట్టే మూతి సాధారణంగా డన్‌లప్‌కీ పడుతుంది. ఈ సంగతి తెలియక ఇంట్లో పాత సైకిలుకి వేరే పంపు కొన్నవాళ్లున్నారు. ప్రెస్టా మీద బిగించుకునే ఇత్తడి ఎడాప్టరు ఒకటి దొరుకుతుంది, గోరంత ఉంటుంది, అది వేస్తే బంకులో గాలి కూడా పడుతుంది. జేబులో ఒకటి ఉంచుకోండి.

మీటరు దగ్గర మేస్త్రీకీ నాకూ పడదు. ఆయనకి బొటనవేలే మీటరు. ఊరి సైకిలుకి అది చాలు, 40, 50 పీఎస్ఐ దగ్గర వేలు అబద్ధం చెప్పదు. 70 దాటాక మాత్రం ఏ టైరైనా వేలికి రాయిలాగే తగులుతుంది, 70కీ 100కీ తేడా చర్మానికి తెలియదు. కాబట్టి రేసు టైరున్నవాళ్లకి మీటరు తప్పదు. అందులోనూ పెద్ద అంకె మోజే మళ్లీ మోసం చేస్తుంది. 160 దాకా గీతలున్న మీటరు మీద లావు టైరు 35ని చదవబోతే ముల్లు మొదటి పావు భాగంలోనే తచ్చాడుతుంది. ఇలాంటి ముల్లు మీటర్లు నడిమి భాగంలో చెప్పినంత నిజం అంచుల్లో చెప్పవు. మన టైరు ఒత్తిడి మీటరు మధ్యలోకి వచ్చేదే సరైన మీటరు. డన్‌లప్ వాల్వుకి ఇంకో చిక్కు ఉంది. ముల్లు చూపించేది సాగే గొట్టంలోని ఒత్తిడిని. రబ్బరు తొడుగుని తెరవడానికి పట్టే ఒత్తిడి కూడా అందులో కలిసి ఉంటుంది కాబట్టి టైరులో అంత ఉండదు. ఆ సైకిళ్ల విషయంలో మేస్త్రీ బొటనవేలే గెలిచింది, ఒప్పుకుంటున్నాను.

చేతిలో పట్టే చార్జింగు పంపులు ఇప్పుడు వచ్చాయి కదా, ఇంత గొడవెందుకు అని మా అపార్టుమెంటులో ఒక కుర్రాడు అడిగాడు. అవి బాగానే పనిచేస్తాయి. అంకె పెట్టి బటను నొక్కితే అక్కడికి వచ్చి ఆగుతాయి, వయసు మళ్లినవాళ్లకి, భుజం నొప్పులున్నవాళ్లకి వరమే. కాకపోతే నాలుగైదేళ్లకి బ్యాటరీ బలం తగ్గుతుంది, చాలావాటిలో దాన్ని మార్చే దారి ఉండదు. ఇంకోటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన బళ్లు. రోడ్ల నిండా కూలిన చెట్లు, వాటి మీంచి ఎత్తి దాటించగలిగిన బండి సైకిలొక్కటే. అప్పటికి ఆ కుర్రాడు ఏ ఎల్కేజీలోనో ఉండి ఉంటాడు.

షాపులో ఒక పరీక్ష చేయండి. మూతిని బొటనవేలితో గట్టిగా మూసి, పిడిని సగం దాకా తోసి అలాగే పట్టుకోండి. వాచరు బాగుంటే పిడి వెనక్కి తంతుంది. మెల్లగా కిందికి జారిపోతే లోపలెక్కడో గాలి పోతోందని అర్థం. మీటరున్న పంపయితే షాపులోనే ఏదో ఒక సైకిలుకి తగిలించి కొట్టి, మూతి తియ్యకుండా ఒక నిమిషం ఆగి ముల్లు చూడండి. పంపు అడుగున ఉండే ఎదురు వాల్వు గట్టిదైతే అది కదలదు. సాగే గొట్టం పొడవు చూసుకోండి, వాల్వు చక్రం పైన ఉన్నప్పుడు కూడా లాగకుండా అందాలి. అది పీటలోకి దిగే చోట వంచి చూడండి, రబ్బరు మొదట పగిలేది అక్కడే. పెట్టె విప్పనివ్వని షాపు అయితే ఇంకో షాపుకి వెళ్లండి.

కొన్న రోజే వాచర్లు రెండు, మూతి రబ్బర్లు రెండు అడిగి తీసుకోండి. “కొత్త పంపుకి అప్పుడే ఎందుకండీ?” అంటాడు షాపతను. ఇంకో రెండేళ్లకి ఆ మోడల్ ఆగిపోయి, మీరు మళ్లీ అతని దగ్గరికే వెళ్లి అడిగితే, కొత్త పంపు చూపిస్తాడు.