ముదురు పాకం ప్రేమకథ

పనిచోట మొలకెత్తి పండగ సెలవుల్లో పండే సరదా ప్రేమ నవల రాయాలనుందా? తమిళనాడులోని కోవిల్‌పట్టిలో కడలై మిఠాయి (పల్లీ చిక్కీ) పొయ్యి దగ్గర కూర్చోండి. బెల్లం పాకం చుక్క నీళ్లలో వేస్తే గట్టిపడి టక్కున విరగాలి. అప్పుడే వేయించిన పల్లీలు పడతాయి. వేడి మీదే పరచాలి, వేడి మీదే కోయాలి. చూపులు కలిసి చెయ్యి ఆగిందా, మిఠాయి కాస్తా రాయే! పైన రంగుల కొబ్బరి తురుము, పెళ్లికూతురి సింగారంలా. 2020లో ఈ మిఠాయికి భౌగోళిక గుర్తింపు దక్కింది. దగ్గర్లోని ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన తెలుగింటి బిడ్డ కి. రాజనారాయణన్ తమిళంలో ఈ కరిసల్ (నల్లరేగడి) నేల ముచ్చట్లే రాశారు. మన నవలలోని జంట తొలి షికారు మాత్రం విరుదునగర్‌కి, నూనెలో వేగిన కరకర పరోటాకి. డబ్బులెవరివ్వాలన్నదే తొలి అలక.