443వ పోర్టు దగ్గర పేరు సరిచూసుకోవడం

భద్రమైన కనెక్షన్‌కు చిన్న క్లయింట్ ప్రోగ్రామ్ రాయడం పైథాన్‌లో మహా అయితే పాతిక వరుసల పని. బాన్సువాడలో డిగ్రీ చదివే కుర్రాడు ఓ పూటలో రాసేయగలడు. ముందు సర్వర్ 443వ పోర్టుకు మామూలు టీసీపీ సాకెట్ తెరవాలి. తర్వాత ఎస్ఎస్ఎల్ మాడ్యూల్‌లోని క్రియేట్ డీఫాల్ట్ కాంటెక్స్ట్‌ను పిలిచి, అది ఇచ్చిన కాంటెక్స్ట్‌తో ఆ సాకెట్‌ను చుట్టాలి. మాడ్యూల్‌కు పాత పేరే మిగిలింది గానీ లోపల నడిచేది టీఎల్ఎస్. నెట్‌స్కేప్ కంపెనీ ఎస్ఎస్ఎల్ స్థానంలోకి అది 1999లో వచ్చింది, దాని 1.3 వెర్షన్ 2018 నాటిది.

సాకెట్‌ను చుట్టేటప్పుడు సర్వర్ పేరు కూడా ఇవ్వాలి. ఒకే మెషీన్ మీద వందల సైట్లుంటాయి కనుక ఏ సర్టిఫికెట్ చూపాలో సర్వర్‌కు తెలిసేది ఆ పేరుతోనే. వచ్చిన సర్టిఫికెట్‌లో అదే పేరుందో లేదో క్లయింట్ సరిచూసేదీ దానితోనే. అసలు పని ఇక్కడే ఉంది. రహస్య తాళంచెవి కుదుర్చుకోవడం దొంగ సర్వర్‌కూ వచ్చు. అవతల ఉన్నదెవరో తేలకపోతే ఎంత గట్టి ఎన్‌క్రిప్షన్ అయినా దండగే.

సర్టిఫికెట్ మీద సంతకం చేసినవారిని, వారి మీద సంతకం చేసినవారిని వెతుక్కుంటూ పోతే కంప్యూటర్‌లో ముందే ఉన్న రూట్ సర్టిఫికెట్ల జాబితాకు చేరాలి. మన దేశంలో 2000 నాటి ఐటీ చట్టం కింద ఇలా సంతకం చేసే అధికార సంస్థలకు లైసెన్సులిచ్చేది సీసీఏ. బ్యాంకుల కోసం అలా లైసెన్సు పొందిన సంస్థ హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ. ఈ గొలుసూ తెగని ఇనుమేమీ కాదు. 2014 జులైలో ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ సర్టిఫికెట్ల జారీలో లోపం వల్ల గూగుల్, యాహూ డొమైన్లకు అనధికార సర్టిఫికెట్లు బయటపడ్డాయి. అప్పట్లో విండోస్ జాబితాలో సీసీఏ భారత రూట్ ఉండేది. ఫైర్‌ఫాక్స్ సొంత జాబితాలో లేదు. అందుకే ఫైర్‌ఫాక్స్‌కు ఆ బెడద తగల్లేదు. ఎవరిని నమ్మాలన్నది ప్రోగ్రామ్ వాడే జాబితా చేతిలో ఉంటుంది.

ఇంటర్నెట్ సెంటర్లలోని పాత డెస్క్‌టాప్‌లలో కనబడే తంటా వేరు. మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోతే కరెంటు పోయి వచ్చేసరికి తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కాలేదని ప్రోగ్రామ్ మొరాయిస్తుంది. అప్పుడు తేదీ సరిచేసి సెల్ మార్చాలి. తనిఖీనే ఆపేసే సర్ట్ నన్ అన్న వరుస ఎక్కణ్నుంచో తెచ్చి అతికిస్తే ఎర్రర్ పోతుంది, భద్రతా పోతుంది. పైథాన్ హెచ్‌టీటీపీ లైబ్రరీలే 2014 చివర్లో వచ్చిన 2.7.9 దాకా ఈ తనిఖీ వాటంతటవి చేసేవి కావు!

ఇక మిగిలింది సర్వర్‌తో మాటామంతీ. గెట్ వరుస, హోస్ట్ వరుస, కనెక్షన్ క్లోజ్ వరుస పంపి, చివర ఒక ఖాళీ వరుస పంపాలి. అది మరిచిపోతే సర్వర్ ఇంకేదో వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. జవాబు ఒక్క రిసీవ్‌తో మొత్తం రాదు. ఖాళీ బైట్లు వచ్చేదాకా లూప్‌లో చదవాలి. సర్వర్ ముగింపు సందేశం పంపకుండా లైన్ తెగితే జవాబు సగమే వచ్చి ఉండొచ్చు. కాబట్టి హెడర్‌లో కంటెంట్ లెంగ్త్ ఉంటే, హెడర్ల తర్వాత వచ్చిన బైట్లు దానికి సరిపోయాకే ఫైల్‌లోకి రాయాలి.