ప్రదర్శన పెట్టెలో బతికున్న మనిషి

మ్యూజియం అంటే పాతకాలపు వస్తువులు దాచే చోటనే మనకు నేర్పారు. బతికున్న జాతులను చచ్చినవాటి కింద జమకట్టే చోటు కూడా అదే. ఈ మాటను ఉపన్యాసంతో కాక తన ఒంటితో రుజువు చేసినవాడు జేమ్స్ లూనా (1950–2018). తల్లి అమెరికా ఆదివాసుల్లో లుయిసేన్యో తెగ మనిషి, తండ్రి మెక్సికన్. 1975 నుంచి కాలిఫోర్నియాలోని లా హోయా రిజర్వేషన్‌లో, తన తెగవాళ్ల మధ్యే ఉన్నాడు. కాలేజీలో కౌన్సెలర్‌గా పనిచేశాడు.

1987లో శాన్ డియేగోలోని మ్యూజియం ఆఫ్ మ్యాన్‌లో, ఆదివాసుల విభాగంలో, ప్రదర్శన పెట్టెలో ఇసుక పోసి, గోచీ మాత్రం పెట్టుకుని కదలకుండా పడుకున్నాడు. ఒంటి మీది మచ్చలు తాగుడు వల్ల వచ్చినవని చెప్పే చీటీలు పక్కన పెట్టాడు. వేరే పెట్టెల్లో తెగ ఆచారాలకు వాడే వస్తువులు, వాటితోపాటే చదువు పట్టాలు, పాటల రికార్డులు, ఫోటోలు, విడాకుల కాగితాలు. ఈ ప్రదర్శన పేరు 'ఆర్టిఫాక్ట్ పీస్'.

ఇందులో అభినయమంటే కదలకపోవడమే. కానీ రొమ్ము పైకీ కిందికీ ఆడుతుంది, చెవులు వింటుంటాయి. చూడ్డానికి వచ్చినవాళ్లే చూపులకు చిక్కుతారు. పూజ వస్తువు పక్కన డిగ్రీ పట్టా పెట్టడం ఇంకా పదునైన పని. ఆదివాసికి పట్టా ఉంటే 'అసలు' ఆదివాసి కాదంటారు. ఆచారం ఉంటే ఆధునికుడు కాదంటారు. లూనా రెండూ నావేనన్నాడు.

1991లో 'హాఫ్ ఇండియన్/హాఫ్ మెక్సికన్' అనే మూడు ఫోటోల్లో ముఖాన్ని ఒక పక్క ఆదివాసిగా, ఒక పక్క మెక్సికన్‌గా, ఎదురుగా రెండూ కలిపి చూపాడు. ఈ సగాల లెక్క ఎవరిది? ఒంట్లో ఎంత పాలు ఆదివాసి రక్తముందో కొలిచి కాగితమిచ్చే అమెరికా ప్రభుత్వానిది గదా! ఆ లెక్కను ముఖం మీదే వేసి చూపితే దాని వెర్రితనం బయటపడుతుంది.

అయితే మాకొక అభ్యంతరం ఉంది. తాగుడు చీటీ గాయాన్ని చెబుతుంది, నేల లాక్కున్నవాళ్ల పేరు చెప్పదు. చీటీ రాసింది లూనాయేనని గమనించని ప్రేక్షకుడు తన పాత అభిప్రాయాన్నే మోసుకుని ఇంటికి పోతాడు. నేరం మళ్లీ ఆ ఒంటి మీదే పడుతుంది. ఈ పనిలో బలహీనమైన చోటు ఇదేనని మా అభిప్రాయం.

దళితులకు ఇది పరాయి కథ కాదు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్స్టన్ తలలూ ముక్కులూ కొలిపించి, 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. మాల, మాదిగలు అందులో పద్దులయ్యారు. కొలిచినవాడి మాట శాస్త్రమైంది, కొలతకు నిలబడ్డవాళ్ల మాట ఎక్కడా ఎక్కలేదు. ఈనాడు కుల ధృవీకరణ పత్రం, డిగ్రీ పట్టా ఒకే ఫైల్లో పెట్టుకుని తిరిగే మొదటితరం చదువరులం మేం. ఒకటి చూపితే రెండోదాన్ని అనుమానించే కళ్లు మాకు బాగా తెలుసు.

అందుకే లూనాను కేవలం కళగా చూసి మెచ్చుకుని ఊరుకోలేం. ఇప్పుడు చీటీ రాసే కలం మన చేతికీ వచ్చింది. వాడకు పోయి డప్పు, చెప్పుల ఆరె, పాటలు రాసుకొచ్చి థీసిస్ కట్టేటప్పుడు, ఆ మనుషులను మనమే పెట్టెలో పడుకోబెడుతున్నామా? వాళ్ల రేషన్ కార్డు, పిల్లల మార్కుల జాబితా, కోర్టు కాగితాలు కూడా డప్పు పక్కన చేరాలి. రాసింది వాళ్లకు చదివి వినిపించాలి. తప్పంటే కొట్టేయాలి.