కమాన్ పట్టీ పైపొర

జంగారెడ్డిగూడెం రోడ్ల మీద బరువెక్కువ. పామాయిల్ గెలల ట్రాక్టర్లు, జామాయిల్ కర్ర లారీలు, వేలానికొచ్చే పొగాకు చెక్కులు. ఆ బరువంతా ఆనేది బండి అడుగున వంచిన ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన కమాన్ కట్టల మీదే. కమాన్ మేస్త్రీల పక్కన నిలబడి పని చూడటం నాకిష్టం. విరిగిన పట్టీ దొరికితే తిప్పి చూడండి. తెగిన చోట ఒక అంచున తుప్పు రంగులో, నున్నగా చిన్న అర్ధచంద్రం కనిపిస్తుంది. మిగతాదంతా గరుకుగా మెరుస్తుంటుంది. నున్నటి చోట పగులు చాలాకాలంగా కొద్దికొద్దిగా పాకింది. మిగతాది ఏదో ఒక్క గుంతలో పుటుక్కుమంది.

ఆ పగులు దాదాపు ఎప్పుడూ పట్టీ పైముఖం మీదే పుడుతుంది. బరువు పడి వంపు చదునవుతుంటే పైముఖం సాగుతుంది. అక్కడ సన్నటి గీతో, తుప్పు గుంటో ఉంటే చాలు.

దీనికి ఫ్యాక్టరీలో చేసే వైద్యం దెబ్బలే. ఆవగింజంత ఉక్కు గుండ్లను మహావేగంతో ఆ ముఖం మీద కురిపిస్తారు. షాట్ పీనింగ్ అంటారు. దెబ్బదెబ్బకీ పైపొర పక్కలకు సాగబోతుంది, అడుగునున్న లోహం సాగనివ్వదు. ఆ పెనుగులాటలో పైపొర నొక్కుకుపోయి అలాగే ఉండిపోతుంది. బండి బరువు ముందు ఆ నొక్కుడును దాటాలి, తర్వాతే పగులు నోరు తెరిచేది. ఆ పొర మందం మిల్లీమీటరు లోపే. పట్టీ ఆయుష్షు చాలావరకు అందులోనే ఉంది.

దెబ్బలు చాలాయో లేదో తెలిసేదెలా? జనరల్ మోటార్స్‌లో పనిచేసిన జాన్ ఆల్మెన్ 1940ల్లో దానికో ఉపాయం కనిపెట్టాడు. పలుచటి ఉక్కు రేకును బిగించి ఒకవైపే కొట్టి విప్పితే, దెబ్బతిన్న వైపు ఉబ్బి వంగుతుంది. ఆ వంపును కొలిస్తే సరి. విమానాల విడిభాగాలకు కూడా నేటికీ ఇదే కొలత. ఇంత తేలికైన పరీక్ష ఇన్నేళ్లు నిలవడం నాకు అబ్బురం.

మన దగ్గర కట్ట కూర్చుండిపోతే గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంపు తెప్పిస్తారు. పట్టీ విరిగితే వెల్డింగ్ పెట్టిస్తారు. ఆ వేడికి నొక్కుడూ పోతుంది, ఉక్కు పదునూ పోతుంది. బండి ఆ పూటకి కదులుతుంది కానీ అతుకు పక్కనే మళ్లీ తెగుతుంది. మేస్త్రీని తప్పుపట్టను. తొందరపెట్టేది ఓనర్లే.

ఓనర్లకు నా మనవి ఒకటే. విరిగిన పట్టీకి వెల్డింగ్ వద్దు, కూర్చున్న కట్టకు మంట వద్దు, పైముఖాన గ్రైండర్ అసలే వద్దు. కొత్త పట్టీ వేయించండి. మీ లారీ వెనకాల బైక్ మీద మా పిల్లలే వస్తుంటారు.