డిజిటల్ కీ వెనక పని

తెనాలిలో ఏ ఆడిటర్ ఆఫీసులో చూసినా ఓ సొరుగు నిండా సంతకాలు పెట్టే డిజిటల్ కీలు కనిపిస్తాయి. ఒక్కోదానికి తెల్లటి టేపు చుట్టి, దాని మీద బాల్‌పెన్నుతో రైస్‌మిల్లు పేరో కంపెనీ పేరో రాసి ఉంటుంది. (ఎవరి కీ వాళ్ల దగ్గరే ఉండాలి.) రేపల్లె వైపు పంచాయతీల్లో కార్యదర్శికి ఒకటి, సర్పంచికి ఒకటి. ఆర్థిక సంఘం డబ్బు ఈ-గ్రామ్‌స్వరాజ్ నుంచి చెల్లించాలంటే ఇద్దరి కీలూ పడాల్సిందే. బాపట్లలో రోడ్డు కాంట్రాక్టరు టెండరు వేయాలన్నా అదే కీ.

టోకెన్ అని పిలిచే, వేలెడంత ఉండే ఆ పరికరంలో ఒక చిప్పు ఉంటుంది. సంతకానికి వాడే రహస్య సంఖ్య అందులోనే పుడుతుంది, అందులోనే ఉండిపోతుంది. కంప్యూటరు పత్రం నుంచి లెక్కగట్టిన హ్యాష్ అనే పొట్టి సంఖ్యను లోపలికి పంపుతుంది, మనం పిన్ కొడతాం, సంతకం బయటికి వస్తుంది. సంఖ్య మాత్రం రాదు. 2000 నాటి ఐటీ చట్టం కింద ఏర్పడిన సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల కంట్రోలర్ కార్యాలయం, కీ పరీక్షకు నిలిచిన ఇలాంటి పరికరంలోనే ఉండాలని పట్టుబట్టింది అందుకే. ఫైలుగా ఉంటే ఎవరైనా కాపీ చేసుకుపోవచ్చు. చిప్పులో ఉన్నదాన్ని తీసుకుపోవాలంటే చిప్పునే ఎత్తుకెళ్లాలి.

నేను చేసే పని ఈ కీకీ, దాన్ని అడిగే ప్రోగ్రాముకూ మధ్య ఉంటుంది. ఆడిటర్ల ఆఫీసుల్లో ఎక్కువగా ఉండేది విండోస్. దానికి దాని సొంత దారి ఉంది. లైనక్స్ మీద, సర్వర్ల మీద మాత్రం ఈ పని చాలావరకు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీ మీదుగా నడుస్తుంది. అది ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, లోపల ఏముందో చదవచ్చు. ఆ లైబ్రరీలో బయటి పరికరాలు వచ్చి కలిసే చోటును కొన్నేళ్లుగా పునాది దగ్గర్నుంచీ తిరగకడుతున్నారు. నేను చూసిన సాఫ్ట్‌వేర్ పనుల్లో ఇంత ఓపికగా జరిగినవి తక్కువ. అందుకే ఈ వారం దీని గురించి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1998 చివర్లో మొదలైంది. అంతకుముందు ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ రాసిన ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై దాని మూలం. గుప్త కనెక్షన్లకూ సంతకాలకూ వాడే ఆర్‌ఎస్‌ఏ లెక్క అప్పటి ప్రాసెసర్లకు పెద్ద బరువు. వెబ్‌సైటుకు జనం పెరిగితే సర్వరు కుంటుపడేది. ఆ లెక్క ఒక్కటీ చేసిపెట్టే కార్డులను కంపెనీలు అమ్మేవి. ఆ కార్డులను లైబ్రరీకి తగిలించడానికి 2000లో ‘ఇంజిన్’ అనే ఏర్పాటు తెచ్చారు. మొదట 0.9.6 వెర్షన్‌కు తోడుగా విడి ప్యాకేజీలో ఇచ్చి, 2002 డిసెంబర్ 31న వచ్చిన 0.9.7లో అసలు లైబ్రరీలోనే కలిపేశారు. ఇంజిన్ ఉద్దేశం వేగం. తర్వాత ప్రాసెసర్లే వేగం పుంజుకున్నాయి. డేటాను గుప్తం చేసే ఏఈఎస్ లెక్కకు వాటిలోనే సొంత ఆదేశాలు వచ్చాయి. వేగం కోసం కార్డు కొనేవాళ్లు తగ్గిపోయి, రహస్యాన్ని దాచడానికి పరికరం కొనేవాళ్లు పెరిగారు. పరికరం రావడానికి కారణమే మారిపోయింది. అది వచ్చి కలిసే చోటు మాత్రం పాత అవసరానికి కట్టినట్టే ఉండిపోయింది.

దాని లోపల ఇబ్బంది ఇదీ. ఇంజిన్ పద్ధతిలో లైబ్రరీ దగ్గర ఆర్‌ఎస్‌ఏ పనులన్నింటికీ ఒక ఫంక్షన్ల పట్టిక ఉంటుంది. పరికరం వచ్చి ఆ పట్టికలో తన ఫంక్షన్ల చిరునామాలు రాసేస్తుంది. అంటే పరికరం డ్రైవరు రాసేవాడికి లైబ్రరీ లోపలి నిర్మాణం అంతా తెలిసి ఉండాలి. లైబ్రరీలో ఒక గడి అటూ ఇటూ అయితే డ్రైవరు కూలిపోతుంది. పైగా 1.1.0కు ముందు కీ అనేది అందరి చేతికీ అందే బహిరంగ నిర్మాణం. ఏ ప్రోగ్రామైనా అందులో చెయ్యి పెట్టి రహస్య సంఖ్య ఉండే గడిని నేరుగా చదివేది. టోకెన్‌లో ఉన్న కీకి ఆ గడి ఖాళీ. ఖాళీ గడిని సంఖ్య అనుకుని లెక్క చేయబోయి చచ్చిపోయే ప్రోగ్రాములను నేను బాగు చేశాను. తప్పు రాసినవాడిదని అనలేను. గడి తెరిచి ఉంటే ఎవరో ఒకరు చూడకుండా ఉండరు.

2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. దానికీ ఇంజిన్‌కూ సంబంధం లేదు. పొడవు సరిచూసుకోకుండా మెమరీలోంచి డేటా ఇచ్చేసే తప్పు అది. కానీ ప్రపంచంలో ఎన్నో సర్వర్లు ఆధారపడ్డ లైబ్రరీకి ఏటా అందుతున్న విరాళాలు సుమారు 2 వేల డాలర్లేనని అప్పుడే అందరికీ తెలిసింది. డబ్బు వచ్చింది, మనుషులు వచ్చారు, శుభ్రం చేసే పని మొదలైంది. 2016 ఆగస్టులో వచ్చిన 1.1.0లో రెండు పనులు చేశారు. ఎవరూ వాడని పాత కార్డుల ఇంజిన్లను తీసిపారేశారు. బహిరంగంగా ఉన్న నిర్మాణాలకు తలుపులు వేశారు. కీ లోపలికి ఇక ఎవరూ నేరుగా తొంగిచూడలేరు, ఫంక్షన్ ద్వారా అడగాల్సిందే. తలుపులు వేసిన రోజున ఎన్ని ప్రోగ్రాములు కంపైల్ కాకుండా ఆగిపోయాయో ఆ పని చేసినవాళ్లందరికీ గుర్తే. అయినా ఆ మెట్టు ఎక్కకుండా తర్వాతి మెట్టు లేదు.

ఆ తర్వాతి మెట్టు 2021 సెప్టెంబర్ 7న వచ్చిన 3.0. అందులో ‘ప్రొవైడర్’ ఏర్పాటు వచ్చింది. లైబ్రరీ నడుమ ఉండే భాగం తనంతట తాను ఏ లెక్కా చేయదు. లెక్కలు చేసేవన్నీ ప్రొవైడర్లు. లైబ్రరీతో వచ్చే మామూలు లెక్కలు కూడా డిఫాల్ట్ అనే ప్రొవైడర్‌లోనే ఉంటాయి. ఈ వరస నాకు చాలా నచ్చింది. బయటివాడికి ఏ గుమ్మం పెట్టారో ఇంటివాళ్లూ ఆ గుమ్మంలోంచే రావాలి. దాంతో గుమ్మం ఎప్పుడూ బాగుంటుంది, ఎందుకంటే రోజూ వాడేది ఇంటివాళ్లే.

ప్రొవైడర్, నడుమ భాగం ఒకదాని లోపలి నిర్మాణాన్ని మరొకటి చూడవు. మొదట్లో ఒకరికొకరు అంకె, ఫంక్షన్ జతలుగా ఉన్న జాబితాలు ఇచ్చుకుంటాయి. ఫలానా అంకెకు ఫలానా పని. తెలియని అంకె కనబడితే వదిలేయాలి. వివరాలు పంపాలంటే పేరు, రకం, విలువ రాసిన చీటీల వరుసగా పంపుకుంటాయి. కాబట్టి లైబ్రరీలో గడులు మారినా డ్రైవరు కూలదు. ఏ లెక్క ఏ ప్రొవైడర్ చేయాలో కూడా షరతు పెట్టి అడగొచ్చు. ఫిప్స్ అనే అమెరికా ప్రభుత్వ పరీక్ష పాసైనదే కావాలంటే లైబ్రరీ అదే వెతికి ఇస్తుంది.

నా పనిలో తేడా ఎక్కడ తెలిసిందో చెబుతాను. ఇంజిన్ రోజుల్లో సంతకం పెట్టే ప్రోగ్రాము ముందు ఇంజిన్‌ను పేరుపెట్టి పిలవాలి, టోకెన్ కంపెనీ ఇచ్చిన డ్రైవరు ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో చెప్పాలి, పిన్ ఇవ్వాలి, అప్పుడు కీ తెమ్మనాలి. ఇదంతా ప్రోగ్రాము లోపలే. రేపు వేరే కంపెనీ టోకెన్ వస్తే మళ్లీ మనమే తిరగరాయాలి. ఇప్పుడు కీ ఫైలు పేరు ఇచ్చే చోటే ‘పీకేసీఎస్11:’ (టోకెన్లతో మాట్లాడే ప్రమాణం పేరు) అని మొదలయ్యే ఒక చిరునామా ఇస్తే సరిపోతుంది. ఆ చిరునామా రాసే తీరును 2015లోనే ఆర్‌ఎఫ్‌సీ 7512 అనే ప్రమాణ పత్రంగా ఖరారు చేశారు. డ్రైవరు ఎక్కడుందో కాన్ఫిగరేషన్ ఫైలు చూసుకుంటుంది. కీ డిస్కు మీద ఉందో చిప్పులో ఉందో నా ప్రోగ్రాముకు తెలియనక్కర్లేదు. కొత్త పద్ధతికి మార్చినప్పుడు నేను రాసిన కోడ్‌కంటే తీసేసిన కోడే ఎక్కువ.

ఇది కష్టం లేకుండా జరిగిందని చెప్పను. 3.0 వచ్చిన కొత్తలో ప్రతి లెక్కకూ ప్రొవైడర్‌ను వెతకడం, తాళాలు వేసి తీయడం వల్ల, ఒకేసారి అనేక పనులు చేసే సర్వర్లు 1.1.1 నాటికన్నా నెమ్మదించాయి. తర్వాతి వెర్షన్లలో కొంచెం కొంచెంగా సరిచేసుకుంటూ వచ్చారు. పాతబడి బలం పోయిన లెక్కలను లెగసీ అనే విడి ప్రొవైడర్‌లోకి నెట్టేశారు. అది సరైన పనే. కానీ కీనీ సర్టిఫికెట్‌నూ కలిపి దాచే పీఎఫ్‌ఎక్స్ ఫైళ్లను పాత విండోస్‌లో తీసి ఉంటే వాటికి ఆర్‌సీ2 అనే 40 బిట్ల తాళం ఉంటుంది. లెగసీని విడిగా పిలిస్తే తప్ప 3.0 వాటిని తెరవదు. వచ్చే సందేశమేమో ‘అన్‌సపోర్టెడ్’ అని ఒక్క ముక్క. అది చూసి పాస్‌వర్డు మర్చిపోయామనుకుని కంగారుపడినవాళ్లు నాకు తెలుసు. మనిషి చదివే సందేశం మీద కూడా అంతే శ్రద్ధ పెట్టి ఉండాల్సింది.

ఇంకో చిక్కు లోతైనది. వెబ్ కనెక్షన్లను గుప్తం చేసే టీఎల్‌ఎస్ 1.3లో, కనెక్షన్ మొదట్లో జరిగే కరచాలనం దగ్గర ఆర్‌ఎస్‌ఏ సంతకం పీఎస్‌ఎస్ అనే ప్యాడింగ్ పద్ధతిలోనే ఉండాలి. పాత టోకెన్లలో కొన్నింటికి పీఎస్‌ఎస్ తెలియదు. ఇంజిన్ కాలంలో పీఎస్‌ఎస్ ప్యాడింగును లైబ్రరీయే కట్టి, ముడి ఆర్‌ఎస్‌ఏ లెక్క ఒక్కటీ చిప్పుకు ఇచ్చేది. ప్రొవైడర్ పద్ధతిలో సంతకం మొత్తం ప్రొవైడర్ బాధ్యత. చిప్పుకు చేతకానిది ఏమిటో తెలుసుకుని, ఆ భాగం తాను చేయాలా, కుదరదని చెప్పాలా అన్నది దాన్ని రాసేవాళ్లే తేల్చుకోవాలి. బాధ్యత ఎక్కడుండాలో అక్కడికే చేరింది. చేరిన చోట చెయ్యి తిరిగిన మనుషులు కావాలి. టోకెన్ల కోసం సిమో సోర్స్ మొదలుపెట్టిన పీకేసీఎస్11-ప్రొవైడర్ ఈ పనినే చేస్తోంది.

మన కృష్ణా పశ్చిమ డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేశాక తూములు విప్పి బాగుచేస్తారు. నీళ్లు వదిలేనాటికి పని అయిపోవాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు అలా కట్టేసే రుతువు లేదు. బ్యాంకులు, రైల్వే టికెట్లు, ఆధార్ సర్వర్లు నడుస్తుండగానే తూము మార్చాలి. అందుకే పాతదీ కొత్తదీ ఏళ్ల తరబడి పక్కపక్కనే ఉంచారు. 3.0లో ఇంజిన్‌కు కాలం చెల్లిందని ప్రకటించి కూడా పనిచేయనిచ్చారు. ఫెడోరా 41 అనే లైనక్స్‌లో దాని హెడర్ ఫైలును విడి ప్యాకేజీకి జరిపారు. 4.0 నుంచి పూర్తిగా తీసేయాలని నిర్ణయించారు.

తీసేయడం దయలేని పని అనేవాళ్లతో నేను ఏకీభవించను. 2015లో క్రోమ్ బ్రౌజరు జావా ఆప్లెట్లు ఆడే పాత ప్లగిన్ల ద్వారం మూసేసినప్పుడు మన ప్రభుత్వ సైట్లలో ఆ ఆప్లెట్లతో పెట్టే సంతకాలకు చాలా రోజులు ఇబ్బంది కలిగింది. ఆ ద్వారం మూతపడుతుందని గూగుల్ 2013లోనే చెప్పింది. గడువు ఇచ్చినా ఇవతలివైపు ఎవరూ కదలకపోతే గడువుకు విలువ లేదు. ఇప్పుడు బ్రౌజరుకూ కీకీ మధ్య మన కంప్యూటర్లోనే ఒక చిన్న ప్రోగ్రాము నడుస్తోంది. పన్నుల సైట్లలో ఎమ్‌సైనర్ చేసేది అదే.

మార్పుకు ఫలితం కనిపిస్తూనే ఉంది. ఫిప్స్ ప్రొవైడర్ విడి ఫైలు కాబట్టి, 2022 ఆగస్టులో దానికి ధ్రువీకరణ వచ్చాక మిగతా లైబ్రరీని మార్చుకుంటున్నా ఆ ధ్రువీకరణ చెడదు. క్వాంటం కంప్యూటర్లకు తట్టుకునే కొత్త పద్ధతులను అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో ఖరారు చేసింది. అవి లైబ్రరీలోకి రాకముందే ఓక్యూఎస్ అనే విడి ప్రొవైడర్‌గా తగిలించి ప్రయోగాలు చేసుకున్నారు. 2025 ఏప్రిల్‌లో 3.5తో అవి లైబ్రరీలోకే వచ్చేశాయి. ఇంజిన్ పద్ధతిలో ఇది ఇంత తేలిగ్గా అయ్యేది కాదు.

ఒక ఖాళీ మిగిలింది. ఈ ప్రొవైడర్లను రాసేవాళ్లు ఎక్కువగా సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఉత్తుత్తి టోకెన్ల మీద పరీక్షిస్తారు. మన దగ్గర ఆడిటర్ల సొరుగుల్లో ఉండే ఈపాస్2003, ప్రాక్స్‌కీ లాంటివి వాళ్ల బల్ల మీద ఉంటాయని అనుకోలేం. వాటిలో ఏది ముడి లెక్క చేస్తుంది, దేనికి పీఎస్‌ఎస్ తెలుసు, ఏది ప్రోగ్రాము రెండుగా చీలినప్పుడు పిన్ మళ్లీ అడుగుతుంది అన్నది ఇక్కడ ఉన్నవాళ్లే చెప్పగలరు.

బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీలోనూ, తెనాలి, రేపల్లె చుట్టుపక్కల కాలేజీల్లోనూ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం వెతుకుతున్న పిల్లలకు నా విన్నపం ఇదే. లైనక్స్ మీద ఓపెన్‌ఎస్‌సీ అనే ప్యాకేజీ పెట్టుకుని, దానితో వచ్చే పీకేసీఎస్11-టూల్‌తో టోకెన్‌కు తెలిసిన మెకానిజమ్‌ల జాబితా తీయండి. పీకేసీఎస్11-ప్రొవైడర్‌తో ఒక సంతకం పెట్టి చూడండి, టీఎల్‌ఎస్ 1.3 కనెక్షన్ ఒకటి కలిపి చూడండి. కుదిరినదీ కుదరనిదీ టోకెన్ మోడల్, డ్రైవర్ వెర్షన్‌తో సహా రాసి, లాగ్‌లో పిన్ లేకుండా చూసుకుని ఆ ప్రాజెక్టువాళ్లకు పంపండి. ప్రాక్టీసంతా సాఫ్ట్‌హెచ్‌ఎస్‌ఎం అనే ఉత్తుత్తి టోకెన్ మీద చేయండి, అది ఉచితం. తర్వాత గడువు తీరిపోయిన కీ ఏదైనా అడిగి తెచ్చుకోండి. నాన్నగారి మిల్లు కీ మీద మాత్రం ప్రయోగాలు చేయొద్దు. పిన్ కొన్నిసార్లు తప్పు పడితే అది లాక్ అయిపోతుంది, మళ్లీ కొత్త సర్టిఫికెట్ కొనాల్సి రావచ్చు.