కిటికీలోంచి కనిపించనిది

రైలెక్కి దూర దేశాలు చూసొచ్చినవాళ్ల రాతలంటే మా బడి పిల్లలకు ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ చాలావాటిలో ఒక లోటు ఉంది. స్టేషన్ల పేర్లు, మంచు, కొండలు ఉంటాయి. అక్కడి మనిషి పొద్దున్నే ఏం తిని ఏ పనికి పోతాడో ఉండదు.

మాస్కో నుంచి వ్లాదివోస్తోక్ పోయే రైలునే తీసుకోండి. 9,289 కిలోమీటర్లు, దాదాపు వారం ప్రయాణం. ప్రతి పెట్టెలో వేడినీళ్ల సమోవార్ ఉంటుంది. ఎదుటి సీటువాళ్లతో టీ తాగుతూ పోవచ్చు. ఒక దేశం రోజువారీ బతుకు తెలుసుకోడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంది? ఆ దారిలోనే బుర్యాత్ ప్రజల రిపబ్లిక్‌కు రాజధాని ఉలాన్ ఉదే వస్తుంది. బైకాల్ సరస్సు అందం మీద రెండు పేజీలు రాసేవారు, ఆ ఒడ్డున తరతరాలుగా బతికినవాళ్ల మీద రెండు వాక్యాలైనా రాయాలి కదా. వాళ్ల పిల్లలు బడిలో ఏ భాషలో చదువుతారు? మనకు కావలసిన ప్రశ్న అది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కిటికీకి అవతల నిలబడ్డది మనమే. కొత్తవలస-కిరండూల్ లైనును 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి వేశారు. ఇప్పుడు అదే లైను మీద అద్దాల పెట్టెలో కూర్చుని అరకు పోతున్నారు. సొరంగాలు లెక్కపెడతారు, థింసా ఫొటో తీస్తారు, ‘అమాయక గిరిజనులు’ అని రాస్తారు. ఈ ‘అమాయక’ మాట నాకు తిట్టులాగే వినిపిస్తుంది. సంతలో మా అమ్మ బేరమాడటం చూసినవాళ్లు ఆ మాట వాడరు.

1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కాలానికి మనకు రైళ్లే లేవు. అయినా మజిలీ మజిలీకి నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దారి ఎట్లా ఉంది అని రాసుకున్నాడు. ఆ చూపులో ఆయన కులమూ ఉంది. ఆ వివరాలు మాత్రం ఇప్పటికీ పనికొస్తాయి. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి గోండి నేర్చుకున్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. ఆయన నిజాం సర్కారుకు పనిచేసినవాడన్నదీ మరవొద్దు. కానీ దిగాడు, ఉన్నాడు. రైల్లో పోయేవాళ్లు అంత చేయలేరు, నిజమే. పక్కసీటు మనిషిని నాలుగు మాటలు అడగొచ్చు.

జహీరాబాద్ నుంచి వికారాబాద్ పోయే రైలు గురించి రాయమంటే తండా పిల్ల ఒకతె పొలాలూ కొండలూ వదిలేసింది. మూటలతో ఎక్కిన కూలి ఆడవాళ్లు ఎక్కడ దిగారు, కూలి ఎంత, డబ్బాలో ఏం తెచ్చుకున్నారు అని రాసింది. జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు. ఈ నెల తరగతిలో ఆ కాగితాన్నే చదివించాను.