ఏరుకునే హక్కు: ఫ్రెంచి పల్లె, మన మచ్చ బొల్లారం

ఫ్రాన్సులో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బాటల పక్క ముళ్ల పొదలకు నల్లటి మ్యూర్ పండ్లు కాస్తాయి. అవి అయిపోవచ్చే వేళకు హైదరాబాద్ పక్కనున్న మచ్చ బొల్లారం నుంచి శామీర్‌పేట, మేడ్చల్ దాకా మనకు సీతాఫలాల కాలం వస్తుంది. రెండూ ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా కాసే పండ్లే. రెండూ ఊరివాళ్లు నడిచి వెళ్లి తెంపుకున్నవే. ఇంత దగ్గరి అలవాటు అక్కడ నిలబడింది, ఇక్కడ మన కండ్ల ముందే తరిగిపోతోంది. వాళ్లకు ప్రకృతి మీద ప్రేమ ఎక్కువని కొందరంటారు. రెండు పల్లెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట నిలవదు.

ముందు తెలివిడి సంగతి. ఫ్రెంచి పల్లెవాసికి ఏ పొద ఎప్పుడు పండుతుందో తెలుసు. నక్కల వల్ల రోగం అంటుతుందని నేలకు దగ్గరగా ఉన్న మ్యూర్ పండ్లను వదిలేయాలనీ తెలుసు. మనవాళ్ల తెలివిడి ఇంతకు తక్కువేమీ కాదు. సీతాఫలం కండ్లు తెరిచి, వాటి సందుల్లో తెలుపు తేలితేనే కాయ ముదిరినట్టు. దాన్ని గట్టిగా ఉండగానే తెంపి గడ్డిలోనో బియ్యంలోనో మాగబెడతారు. గుట్ట మీదనే ఆకులలములు మంట పెట్టి కాల్చుకొని తినడం మరో రుచి. గింజల పొడి కండ్లలో పడకూడదని పిల్లలకు కూడా తెలుసు. మేకలు ఈ ఆకు ముట్టవు గనుకనే పశువులు తిరిగే బంచరాయిలో, రాతి సందుల్లో ఈ చెట్టు బతికి బట్టకట్టింది. సంక్రాంతికి రేగుపండ్లు, ఎండలు ముదిరాక ఈతపండ్లు, తొలకరికి నేరేడు... ఏడాది పొడవునా ఈ వరుస తెలిసిన ఊరు తెలివిడిలో ఫ్రెంచి పల్లెకు ఏమాత్రం తీసిపోదు.

రోజువారీ బతుకులో ఆ పండు ఏమవుతుందన్నది రెండో సంగతి. అక్కడ తెచ్చిన పండు జామ్ అయి, సీసాల్లో చలికాలం దాకా నిలవ ఉంటుంది. లిమూజన్ ప్రాంతంలో చెర్రీలను గింజలతోనే పిండిలో వేసి క్లాఫుతీ అనే వంటకం కాలుస్తారు. లొరెన్ ప్రాంతానికి మిరాబెల్ అనే పసుపుపచ్చని చిన్న పండుతోనే పేరు. మన సీతాఫలం ఆగదు. మాగిన రెండు రోజుల్లో తినాలి, లేదా పంచాలి. అందుకే ఒక ఇంటికి వచ్చిన గంప నాలుగిళ్లకు చేరుతుంది. పైగా అది బతుకమ్మ పండుగ వచ్చే కాలం. పండ్లకు వెళ్లినవాళ్లే గునుగు, తంగేడు కూడా కోసుకొచ్చేవాళ్లు. ఒకే నడకలో తిండీ, పండుగా రెండూ ఇంటికి చేరేవి. ఇంకో పెద్ద తేడా ఉంది. ఈనాటి ఫ్రెంచి పల్లెలో పండ్లు ఏరడం చాలామందికి సెలవునాటి ఆనందం. ఇక్కడ గంపలు నెత్తిన పెట్టుకొని రోడ్డు పక్కకు వచ్చే లంబాడ ఆడవాళ్లకు అది సీతాఫలాల కాలపు కూలి. ఈ తేడా మరిచి చేసే పోలిక ఒట్టి మురిపెమే అవుతుంది.

ఆ మురిపెం ఎలా ఉంటుందో పీటర్ మేల్ 1989లో రాసిన 'ఎ ఇయర్ ఇన్ ప్రోవాన్స్' చూపిస్తుంది. ఫ్రెంచి పల్లెలో ఇల్లు కొనుక్కున్న ఇంగ్లీషువాడి ఏడాది అది. భోజనాల బల్ల కళకళలాడుతుంది గానీ, బల్ల దాకా రాలేని మనిషి అందులో పెద్దగా కనిపించడు. ఆన్యెస్ వార్దా 2000లో తీసిన డాక్యుమెంటరీ 'లే గ్లానర్ ఎ లా గ్లానూజ్' ఆ మనిషినే వెతుక్కుంటూ వెళ్లింది. కోసిన పొలంలో వంగి వెన్నులు ఏరుకునే ముగ్గురు ఆడవాళ్లను 1857లో ఫ్రెంచి చిత్రకారుడు మిలే చిత్రించాడు. అలా వంగేవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారని వార్దా అడుగుతుంది. ఆకారం కుదరలేదని పారబోసిన బంగాళాదుంపల దగ్గర పేదలు ఆమెకు దొరుకుతారు. తన వంటకు కావలసినవి స్వయంగా ఏరుకునే పేరున్న వంటవాడూ దొరుకుతాడు. నల్లకోటు లాయరు పొలంలో నిలబడి చట్టం వివరిస్తాడు. ఆకలినీ ఆనందాన్నీ ఒకే చూపులో పట్టుకున్నందుకు మేల్ పుస్తకం కన్నా వార్దా చిత్రమే గొప్పదని నా తీర్పు. మన పల్లెకు దగ్గరిదీ అదే.

ఆ లాయరు దగ్గరే అసలు తేడా బయటపడుతుంది. కోత అయ్యాక పేదలు పొలంలో ఏరుకోవచ్చని ఫ్రాన్సులో 1554 నాటి రాజశాసనమే చెప్పింది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా అనే హద్దు కూడా ఉంది. పక్కింటి కొమ్మ నుంచి మన స్థలంలో తానుగా రాలిన పండు మనదేనని అక్కడి సివిల్ కోడ్ రాసిపెట్టింది. ప్రభుత్వ అడవుల్లో సొంత వాడకానికి మనిషికి ఐదు లీటర్ల దాకా తెంపుకోనిస్తారు. పరుల తోటలో మాత్రం అనుమతి లేకుండా చెయ్యి వేయకూడదు. హక్కు చిన్నదే, కానీ కాగితం మీద ఉంది.

మన దగ్గరా కోతల తర్వాత పరిగె ఏరుకునే ఆడవాళ్లను అడ్డుకోకపోవడం మర్యాదగా ఉండేది. గుట్ట మీది పండుకు ధర అడిగేవాళ్లు లేరు. అదంతా మాట మీద, మొగమాటం మీద నడిచింది. 2007లో అల్వాల్‌తో పాటు మచ్చ బొల్లారం మహానగరంలో కలిసింది. శామీర్‌పేట, మేడ్చల్ మీదుగా ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. ద్రాక్షతోటలకు పేరుపడ్డ ఈ నేల ప్లాట్లయింది. ద్రాక్షతోటకు యజమాని ఉన్నాడు, ధర అందింది. సీతాఫలం చెట్టుకు యజమాని లేడు గనుక దాని నష్టం ఎవరి లెక్కలోకీ రాలేదు. మిగిలిన పచ్చదనం కంచెల లోపల ఉంది. పొరుగునే బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం తోటలను 2023 నుంచి ఏడాది పొడవునా జనం చూడగలుగుతున్నారు. మంచిదే. కానీ చూసే తోట వేరు, తెంపుకునే చెట్టు వేరు.

తెలివిడిలో, పంచుకోవడంలో మన ఊరు ఎవరికీ తక్కువ కాదు. హక్కును రాసి ఉంచుకోవడంలోనే ఫ్రాన్సు మనకన్నా ముందుంది. అది నేర్చుకోవడం కష్టమేమీ కాదు. కాలనీ పార్కుల్లో కోనోకార్పస్ బదులు సీతాఫలం, నేరేడు, రేగు నాటండి. బుట్టకో హద్దు పెట్టి, ఎవరైనా కోసుకోవచ్చని బోర్డు రాయండి. మిగిలిన గుట్టల మీది పండ్లపై గంపల ఆడవాళ్లకు మొదటి హక్కు ఉండేలా స్థానిక సంస్థలు తీర్మానం చేయాలి. వచ్చే దసరాలోపు మీ కాలనీ సమావేశంలో ఈ మాట ఎత్తండి.